లెక్కలోకి రాని అభిమానం

టీవీ అభిమానుల చరిత్ర చెప్పేవాళ్లు మామూలుగా హైదరాబాదు దగ్గరో బొంబాయి దగ్గరో మొదలుపెడతారు. స్టూడియోలూ తారలూ అక్కడే ఉన్నారు మరి. ఈ సింహావలోకనం మాత్రం బ్రహ్మంగారిమఠం దగ్గర మొదలవుతుంది. కథ ఎక్కడ తయారైనా, దానికోసం సంగటి తొందరగా కెలికిపెట్టి, పిల్లల్ని కసిరి, దీపాలు పెట్టే వేళకు తెర ముందు చేరేవాళ్లు ఇలాంటి ఊళ్లలో ఉన్నారు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, మైదుకూరు, బద్వేలు పట్టణాల చుట్టూ ఉన్న పల్లెల్లో 40 ఏళ్లుగా టీవీని ప్రేమించిన మనుషులున్నారు. అందులో ఎక్కువమంది ఆడవాళ్లు. వాళ్లు ఇన్నాళ్లూ ఎవరి లెక్కలోకీ రాకుండా ఎలా ఉండిపోయారు, ఎప్పుడు లెక్కకొచ్చారు, మళ్లీ ఎలా జారిపోతున్నారు? నాకు చెప్పాలని ఉన్న సంగతి అదే.

మా వైపు ప్రేక్షకుల అభిమానం టీవీ కంటే చాలా ముందు పుట్టింది. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి 1693లో కందిమల్లాయపల్లెలో సజీవ సమాధిలోకి వెళ్లారని సంప్రదాయం చెబుతుంది. ఆ ఊరే ఇవాళ్టి బ్రహ్మంగారిమఠం. అంతకు చాలా ముందు బనగానపల్లెలో ఆయన పశువులు కాసిన ఇంటి ఇల్లాలు గరిమిరెడ్డి అచ్చమ్మే ఆయన భవిష్యవాణి అయిన కాలజ్ఞానానికి మొదటి శ్రోత అంటారు. పశువుల కాపరి మాటలో ఏదో ఉందని ముందు గుర్తుపట్టింది ఆమె. కూర్చోబెట్టి అడిగింది, విన్నది. ఈ నేల మీద శ్రోతల చరిత్ర ఒక స్త్రీతో మొదలైందని నేను నమ్ముతాను.

ఆ కథను ఊరూరా తిప్పింది నాటకం. బ్రహ్మంగారి నాటకం అంటే రాత్రి హార్మోనియం శ్రుతి అందుకున్నది మొదలు తెల్లారి కోడి కూసేదాకా సాగేది. శిష్యుడు సిద్ధయ్య ఎప్పుడొస్తాడో, భక్తుడు కక్కయ్య ఏం చేస్తాడో, స్వామి భార్య గోవిందమ్మ ఎక్కడ ఏడుస్తుందో కూర్చున్న ప్రతివాళ్లకూ తెలుసు. తెలిసిన కథను మళ్లీ చూడటానికే వచ్చేవారు. పద్యం రాగం తీసి పాడితే వన్స్‌మోర్ పడేది. నచ్చిన నటుడికి నోటు చేతిలో పెడితే ఇచ్చినవారి పేరు మైకులో చదివేవారు. తన ఇష్టం పదిమంది చెవిన పడాలన్న కోరికకు ఆ చదివింపులే మా దగ్గర మొదటి రూపం. ఇవాళ కామెంటు పెట్టేవాళ్ల కోరికా అదే. అయితే ఆ మైకులో ఆడవాళ్ల పేర్లు వినిపించడం అరుదు. ఒళ్లో పిల్లల్ని పడుకోబెట్టుకుని ఒక పక్కన కూర్చున్నవాళ్లు కన్నీళ్లు పెట్టుకునేవారు, మర్నాడు చేలో కలుపు తీస్తూ ఆ పద్యాల గురించే మాట్లాడుకునేవారు. దాన్ని అభిమానం అని ఎవరూ అనలేదు.

సినిమా వచ్చాక అభిమాని అనే మనిషికి ఒక రూపం వచ్చింది: కుర్రవాడు, చేతిలో దండ, థియేటర్ ముందు కటౌట్, మెడలో కండువా, అభిమాన సంఘంలో ఏదో ఒక పదవి. 1983లో ఎన్టీ రామారావు ముఖ్యమంత్రి అయినప్పుడు, ముఖానికి రంగేసుకునేవాళ్లు రాజ్యమేలతారని బ్రహ్మంగారు ఏనాడో చెప్పారంటూ జనం చెప్పుకున్నారు. మరుసటి ఏడాది ఆయనే వీరబ్రహ్మేంద్రస్వామిగా నటించిన సినిమా విడుదలైంది. దేవుడు, గురువు, హీరో, నాయకుడు నలుగురూ ఒకే ముఖంలో కనిపించిన ఆ కాలంలో మగవాళ్ల అభిమానం రోడ్డెక్కి రాజకీయమైంది. అదే సమయంలో ఆడవాళ్లకు వేరే అభిమానం ఒకటి నడుస్తోంది. అది వారపత్రికల్లోని నవలా సీరియళ్లది. యద్దనపూడి సులోచనారాణి రాసిన ఈ వారం భాగం చదివి వచ్చేవారం దాకా ఊహలు అల్లుకోవడం, ఒకే పత్రిక నాలుగిళ్లు తిరగడం, పేజీలు కత్తిరించి కుట్టి దాచుకోవడం. టీవీ సీరియల్ అభిమానానికి తల్లివేరు అక్కడుంది.

ఇక టీవీ. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు కార్యక్రమాలు చూపించిన సైట్ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడలతో రంగులొచ్చాయి. తర్వాత రెండు మూడేళ్లలో దేశమంతా చిన్న చిన్న ట్రాన్స్‌మిటర్లు లేచాయి. వాటి బలం పట్టణం చుట్టూ పాతిక కిలోమీటర్లు దాటేది కాదు. ఆ అంచున ఉన్న పల్లెల్లో టీవీ కొనడమంటే ఇనుప పైపు కొనడం, దాని చివర యాంటెనా, మధ్యలో బూస్టర్ బిగించడం. మిద్దె మీద ఒకరు పైపు తిప్పుతుంటే కింద నుంచి ఇంకొకరు "వచ్చింది, వచ్చింది... పోయింది" అని అరవడం. మా తరానికి బొమ్మ పట్టుకోవడమే మొదటి ఉమ్మడి పని. టీవీ ఒక ఇంటిదే అయినా బొమ్మ మాత్రం వీధి అందరిదీ.

1987 జనవరి 25న రామానంద్ సాగర్ రామాయణం మొదలైంది. ఆదివారం ఉదయం తొమ్మిదిన్నర. 1988 జులై 31 దాకా 78 భాగాలు. దాని గురించి దేశమంతా చెప్పుకున్న విశేషాలు అందరికీ తెలిసినవే: వీధులు నిర్మానుష్యం కావడం, టీవీకి దండ వేసి హారతి ఇవ్వడం, కొనసాగించాలంటూ జలంధర్‌లో పారిశుధ్య కార్మికులు సమ్మె చేయడం. మా దగ్గర దాని సంగతి కొంచెం వేరు. హిందీ మాటలు మా పల్లెల్లో చాలామందికి రావు. అయినా ఒక్క భాగం వదల్లేదు. తోలుబొమ్మలాటలో, నాటకాల్లో, హరికథల్లో తరతరాలుగా విన్న కథకు మాటలు అక్కర్లేకపోయింది. అక్కడక్కడ మాట కావలసి వస్తే ఉర్దూ తెలిసిన ముస్లిం ఇరుగుపొరుగు అర్థం చెప్పేవారు. ముస్లింగా పుట్టిన సిద్ధయ్యను గురువు పక్కన కూర్చోబెట్టిన నేల మీద అది ఎవరికీ వింతగా తోచలేదు. టీవీ ఉన్న ఇంటివాళ్లు కులాన్ని చూసి కొందరిని గడప బయటే కూర్చోబెట్టిన సంగతి కూడా దాచకూడదు. అందరూ కలిసి చూశారన్న తీపి జ్ఞాపకంలో ఎవరు మంచం మీద, ఎవరు చాప మీద, ఎవరు కిటికీ అవతల అన్న తేడా ఉంది.

తర్వాత 1988 అక్టోబర్ 2 నుంచి బి.ఆర్. చోప్రా మహాభారతం, 94 భాగాలు. సీత పాత్ర వేసిన దీపికా చిఖలియా, రావణుడి పాత్ర వేసిన అరవింద్ త్రివేది 1991లో లోక్‌సభకు గెలిచారు. కృష్ణుడుగా కనిపించిన నితీశ్ భరద్వాజ్ 1996లో వెళ్లారు. ఎన్టీఆర్‌ను చూసిన మనకు ఇందులో ఆశ్చర్యమేమీ లేదు.

ఆ రోజుల్లో ప్రేక్షకుడి గొంతు 15 పైసల కార్డు. 1984–85లో వచ్చిన హిందీ సీరియల్ హమ్‌లోగ్‌కు 4 లక్షలకు పైగా ఉత్తరాలు వచ్చాయని పరిశోధకులు రాశారు. ప్రతి భాగం చివరా అశోక్ కుమార్ ప్రేక్షకులతో మాట్లాడి ముగించేవారు కనుక, తిరిగి జవాబు రాయాలని జనానికి అనిపించింది. హైదరాబాదు కేంద్రానికి కూడా మా వైపు నుంచి కార్డులు వెళ్లేవి. శుక్రవారం చిత్రలహరిలో ఫలానా పాట వేయమని, ధర్మవరపు సుబ్రహ్మణ్యం ఆనందోబ్రహ్మ ఇంకా కొనసాగించమని. కార్డు చేరిందో లేదో తెలియదు. పాట వస్తే మన కార్డు వల్లే వచ్చిందనుకుని పొంగిపోవడం, అంతే. 1997లో మొదలైన శక్తిమాన్‌తో పిల్లలు కూడా అభిమానుల వరసలో చేరారు.

అప్పటికే ఆకాశం తెరుచుకుంది. 1995 ఫిబ్రవరిలో జెమిని, ఆగస్టు 27న ఈటీవీ. పట్టణాల్లో డిష్‌లు లేచి, తర్వాత పల్లెలకు తీగలు పాకాయి. నెలకింత కేబుల్ బిల్లు అనేది ఇంటి ఖర్చుల్లో పాల బిల్లు పక్కన చేరింది. దూరదర్శన్ కూడా ఊరుకోలేదు. మంజులా నాయుడు దర్శకత్వంలో, యద్దనపూడి కథతో వచ్చిన ఋతురాగాలు తెలుగు ప్రేక్షకులకు రోజూ సీరియల్ చూసే అలవాటు నేర్పింది. వారపత్రిక నవలను కత్తిరించి దాచుకున్న ఆమె, ఇప్పుడు అదే రచయిత్రి కథను రోజుకు కాసింత చొప్పున కళ్లతో చూసింది. వారం ఎదురుచూపు ఒక్క రోజుకు తగ్గింది. నవలా పాఠకురాలు సీరియల్ ప్రేక్షకురాలిగా మారడానికి ఆమె కొత్తగా నేర్చుకోవలసిందేమీ లేకపోయింది.

2003లో జెమినిలో చక్రవాకం, 2008 నుంచి 2013 దాకా మొగలిరేకులు. రెండూ మంజులా నాయుడివే. మొగలిరేకుల్లోని ఆర్.కె. నాయుడు పేరు వినగానే ఇప్పటికీ కళ్లు మెరిసే అక్కలు నాకు తెలుసు. ఆ పదేళ్లు మా పల్లెల్లో సాయంత్రాల స్వరూపాన్నే మార్చేశాయి. శెనక్కాయలు ఒలుచుకుంటూ చూసేవారు, పప్పు పొంగినా లేచేవారు కాదు. కరెంటు పోయి భాగం తప్పిపోతే మర్నాడు కొళాయి దగ్గర "వదినా, నిన్న ఏమాయ?" అని అడగడం, ఆ వదిన నటించి మరీ చెప్పడం. అలా చెప్పడంలో ఒక్కొక్కరికి ఒక్కో నేర్పు. కొందరు ఉన్నదానికంటే బాగా చెప్పేవారు. పాత్ర తప్పు చేస్తే తిట్టేవారు, మరో దారి చూపించేవారు, రేపేం జరుగుతుందో పందెం కాసేవారు. ఇవాళ అభిమానుల చర్చ, విశ్లేషణ, సొంత కథనం అని ఏవేవి అంటున్నామో అవన్నీ ఆ కొళాయి దగ్గర అప్పుడే జరిగాయి. రాసి పెట్టినవాళ్లు లేరు. పైగా ఇంట్లో మగవాళ్లు, సినిమా హాస్యగాళ్లు, పత్రికల్లో కార్టూన్లు వేసేవాళ్లు కూడా సీరియల్ చూసే ఆడవాళ్లను ఎగతాళి చేశారు. క్రికెట్ మ్యాచ్ కోసం రోజంతా పని మానేసినవాడు రసికుడు, అరగంట సీరియల్ చూసిన ఆమె ఏడుపుగొట్టు. ఈ అన్యాయం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఎగతాళికి గురికాని సీరియల్ ఒక్కటుంది, అమృతం. 2001 నవంబర్ 18 నుంచి 2007 నవంబర్ 18 దాకా జెమినిలో ఆదివారాలు వచ్చిన గుణ్ణం గంగరాజు సృష్టి. అమృతరావు, ఆంజనేయులు, అప్పాజీ, సర్వం అందులోని పాత్రలు. దాన్ని మగవాళ్లూ కుర్రవాళ్లూ కూడా ఇష్టపడ్డారు గనుకనే దానికి గౌరవం దక్కిందేమో. తర్వాత ఇంటర్నెట్ కాలంలో దాని అదృష్టం ఇంకా పెరిగింది. యూట్యూబ్‌లోకి వచ్చాక అది ప్రసారమైన కాలంలో పుట్టని పిల్లలు కూడా దాని సంభాషణలు వల్లించడం మొదలుపెట్టారు, దాని ముఖాలతో మీములు కట్టారు. ఆంజనేయులుగా నవ్వించిన గుండు హనుమంతరావు 2018లో పోయినప్పుడు ఆ పాత భాగాల కిందే జనం నివాళులు రాశారు. 2020 ఉగాదినాడు జీ5లో అమృతం ద్వితీయం వచ్చింది. అభిమానులు పాతదాన్ని చేజారనివ్వకపోతే కొత్తది పుడుతుందని తెలుగు టీవీలో అది చూపించింది.

ఇంతకీ లెక్క సంగతి. ఈ కాలమంతా రేటింగులు ప్రధానంగా పట్టణాలవే. టామ్ సంస్థ మీటర్లు పెద్ద ఊళ్ల ఇళ్లలో ఉండేవి, పల్లెలు అందులో లేవు. కడపలోనో ప్రొద్దుటూరులోనో ఒక ఇల్లు దానిలో పడే అవకాశం ఉండేది కానీ బ్రహ్మంగారిమఠంలాంటి ఊరికి ఆ అవకాశం కూడా లేదు. మొగలిరేకులు ఐదేళ్లూ ఒక్క భాగం వదలకుండా చూసిన మా పల్లె ఆడవాళ్లు, ఆ సీరియల్ జయాపజయాల లెక్కలో సున్నా. చానల్ ఎవరి కోసం కథ మార్చేది? మీటర్ ఉన్న ఇళ్ల కోసం. కొత్త రేటింగుల సంస్థ బార్క్ వచ్చి 2015 అక్టోబర్‌లో గ్రామాల అంకెలు మొదటిసారి విడుదల చేసినప్పుడు దేశంలో చానళ్ల వరసలే తారుమారయ్యాయి. హిందీలో పాత సీరియళ్లు ఉచితంగా చూపించే చానళ్లు ఉన్నట్టుండి పైకొచ్చాయి. పల్లె చూస్తోందని పరిశ్రమ అప్పుడు ఒప్పుకుంది. టీవీ వచ్చిన మూడు దశాబ్దాల తర్వాత.

ఈలోగా ప్రేక్షకుడికి ఒక చిన్న ఆయుధం చిక్కింది. 2006లో ఇండియన్ ఐడల్ రెండో సీజన్ తుది పోటీకి మన కారుణ్య చేరినప్పుడు, మామూలు మెసేజ్ కంటే ఎక్కువ ధర పెట్టి తెలుగువాళ్లు ఎస్సెమ్మెస్ ఓట్లు వేశారు. ఓడిపోయాడు. నాలుగేళ్లకు, 2010 ఆగస్టు 15న, శ్రీరామచంద్ర గెలిచాడు. అభిమానం మొదటిసారి ఫలితాన్ని మార్చగలిగింది, అందుకు మొదటిసారి డబ్బూ కట్టింది. నాకు ఆ ఓట్లకంటే పాడుతా తీయగా ఎక్కువ ఇష్టం. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం 1996లో ఈటీవీలో మొదలుపెట్టిన ఆ కార్యక్రమంలో మొదట్లో ప్రేక్షకుల ఓటు లేదు, వాళ్ల చెవి మీద నమ్మకం ఉంది. పాట ఎక్కడ జారిందో, మాట ఎక్కడ విరిగిందో ఆయన చెబుతుంటే సంగీతం రాని ఇళ్లు కూడా వినడం నేర్చుకున్నాయి. బాలును 1966లో శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్నతో సినిమా పాటకు పరిచయం చేసింది పులివెందుల దగ్గరి సింహాద్రిపురంలో పుట్టిన నటుడు, నిర్మాత పద్మనాభం. మా జిల్లావాళ్లకు బాలు మీద ఉన్న చనువులో ఆ గర్వం కొంత కలిసే ఉంటుంది. 2020 సెప్టెంబర్ 25న ఆయన పోయిన రోజు ఫోన్లలో మోగినవి సినిమా పాటలు ఎన్నో, పాడుతా తీయగాలో పిల్లల్ని ఆయన దిద్దిన ముక్కలు అన్ని.

ఫోన్ వచ్చాక జరిగింది మరో స్థాయి మార్పు. 2016 సెప్టెంబర్ 5న జియో, 2017 మార్చికల్లా కేబుల్ అంతటా సెట్‌టాప్ బాక్సులు, అదే ఏడాది డిసెంబర్‌లో నెలకు 149 రూపాయలకు ఏపీ ఫైబర్. యాంటెనా పైపు తిప్పిన ఇళ్లలోకి ఒకటిన్నర ఏడాదిలో ఇవన్నీ వచ్చిపడ్డాయి. సరిగ్గా ఆ నడుమ, 2017 అక్టోబర్ 16న స్టార్ మాలో కార్తీకదీపం మొదలైంది. మలయాళం కరుత్తముత్తుకు తెలుగు రూపం. అక్కడ నటించిన ప్రేమి విశ్వనాథే ఇక్కడా నాయిక. నల్లగా ఉందని చిన్నచూపు చూసిన లోకంలో, భర్త అనుమానించి వదిలేస్తే వంట చేసి పిల్లను పెంచుకున్న దీప. వంటలక్క, డాక్టర్ బాబు అన్న పేర్లు తెలియని తెలుగు ఇల్లు ఉండదు. 2023 జనవరి 23 దాకా, 1,569 భాగాలు. ఇంత ప్రేమ ఎందుకు అని విమర్శకులు తల పట్టుకున్నారు. మా ఊళ్లలో పెళ్లిచూపుల్లో రంగు మాట ఎలా వస్తుందో తెలిసినవాళ్లు అడగవలసిన ప్రశ్న కాదది.

కార్తీకదీపంతో రెండు పనులు ఒకేసారి జరిగాయి. ఒకటి, మీములు. పట్టణపు కుర్రవాళ్లు వంటలక్కను నవ్వులాటకు తెచ్చారు. రెండు, ఆ మీములను చూసిన ఆడవాళ్లు ఊరుకోలేదు. ఫేస్‌బుక్‌లో జవాబులు రాశారు, యూట్యూబ్ ప్రోమోల కింద తెలుగు లిపిలో, ఆంగ్ల అక్షరాల తెలుగులో, గొంతుతో చెప్పి రాయించిన తప్పుల తెలుగులో తమ మాట పెట్టారు. దర్శకుడిని నిలదీశారు: కథ సాగదీస్తున్నావు, ఇంకెన్నాళ్లు ఈ అపార్థం, ఆ డీఎన్ఏ పరీక్ష చేయించరేం? 2020లో ఐపీఎల్ మ్యాచ్‌లు రాత్రి ఏడున్నరకే మొదలై సీరియల్ వేళకు అడ్డొస్తే, మ్యాచ్ వేళ మార్చమని ఒక ప్రేక్షకుడు అడిగిన మాట వార్తల్లోకెక్కింది. వార్త నవ్వుతూ రాశారు. నేను నవ్వలేదు. ఇంట్లో ఒక్క టీవీ ఉన్నచోట రిమోట్ ఎవరి చేతిలో ఉంటుందన్న పాత తగాదా అది. ఈసారి బహిరంగంగా సీరియల్ పక్షాన ఒకరు మాట్లాడారు.

కొళాయి దగ్గర వదిన చెప్పిన కథకు ఇప్పుడు వేల జవాబులు వస్తున్నాయి. 2020 డిసెంబర్‌లో మొదలైన గుప్పెడంత మనసులో రిషి, వసుధారల పేర్లు కలిపి అభిమానులు రిషిధార అని పిలుచుకున్నారు. ఆ రెండు పాత్రల చూపులూ అలకలూ ముక్కలుగా కత్తిరించి, సినిమా పాట జోడించి రీల్స్ చేశారు. వీటిని ఎడిట్లు అంటారు. ఈ ఎడిట్లు చేసేవాళ్లలో ఇంటర్ చదివే అమ్మాయిలున్నారు, పిల్లల్ని బడికి పంపి ఫోన్ పట్టుకునే గృహిణులున్నారు. ఎవరూ నేర్పకుండానే కూర్పు నేర్చుకున్నారు. నవల పేజీలు కత్తిరించి కుట్టుకున్నవాళ్ల మనవరాళ్లు వీళ్లు. ఆ జంటగా నటించినవాళ్లిద్దరూ కన్నడం నుంచి వచ్చినవారు కావడం వల్ల అభిమానులు భాష దాటి కన్నడ పేజీలతో కలిశారు. సీరియల్ దేనికి మాతృకో వెతికి, మూలంలో ఏం జరిగిందో ముందే చూసి, ఇక్కడ ఏం మారుస్తున్నారో లెక్క తీసే ప్రేక్షకులు తయారయ్యారు. బ్రహ్మముడికి బెంగాలీ మూలం ఉందని వాళ్లకు మొదటివారమే తెలుసు.

ఇష్టం పెరిగిన చోట దౌర్జన్యమూ పెరిగింది. 2017 జులైలో జూనియర్ ఎన్టీఆర్‌తో మొదలైన బిగ్‌బాస్ తెలుగులో, మరుసటి ఏడాది నాని నడిపిన రెండో సీజన్‌కు కౌశల్ ఆర్మీ పుట్టింది. పోటీదారు కౌశల్ కోసం హైదరాబాదులో జనం 2కే వాక్ చేశారు. టీవీ మనిషి కోసం సినిమా హీరో అభిమానుల్లా రోడ్డెక్కడం నాకు తెలిసి అదే మొదలు. ఆ తర్వాత ప్రతి సీజన్‌కూ సైన్యాలే. లోపలికి పోయేవాళ్లు బయట తమ ఖాతాలు నడపడానికి మనుషుల్ని పెట్టుకుని పోవడం మామూలైంది. తమవాడికి ఎదురు మాట్లాడిన ఆడమనిషిని, ఆమె ఇంటివాళ్లను కూడా బూతులు తిట్టడం అభిమానం పేరుతో చెల్లిపోతోంది. 2023 డిసెంబర్‌లో ఏడో సీజన్ ముగిసిన రాత్రి అన్నపూర్ణ స్టూడియో బయట గుమిగూడిన మూకలు ఆర్టీసీ బస్సుల అద్దాలు పగలగొట్టాయి. విజేత పల్లవి ప్రశాంత్ రైతుబిడ్డగా పల్లె మనసు గెలుచుకున్నవాడు. ఆ గెలుపు పండగ కాకుండా పోలీసు కేసుగా మారింది. వీధిలో నలుగురు కలిసి చూసిన కాలంలో కోపమొస్తే పక్కనున్న పెద్దామె "ఊరుకోబ్బీ, అది నాటకం" అనేది. ఒంటరిగా ఫోన్ చూసేవాడి పక్కన ఆ పెద్దామె లేదు.

అదే వేదిక గంగవ్వనూ ఇచ్చింది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో మై విలేజ్ షో యూట్యూబ్ వీడియోలతో పేరు తెచ్చుకున్న పల్లెటూరి అవ్వ 2020లో నాలుగో సీజన్ ఇంట్లో అడుగుపెట్టింది. ఆరోగ్యం బాగాలేక మధ్యలోనే వచ్చేసినా ఆమె మీద జనం చూపిన ప్రేమ చల్లారలేదు. అంతవరకూ పల్లె ఆడవాళ్లు తెరను చూసేవాళ్లు. ఆమె తెర మీద కనిపించాక ఎంతోమంది అవ్వలు తామూ ఫోన్ ముందు వంటలు చేశారు, మాటలు చెప్పారు, పాడారు. మా రాయలసీమ యాసను సినిమా ఫ్యాక్షన్ బెదిరింపుల కోసమే వాడుకుంది. ఇప్పుడు అదే యాసలో సంగటి, ఊరుబిండి చేయడం చెప్పే గొంతులు వినిపిస్తుంటే నాకు కడుపు నిండినట్టుంటుంది.

పాత్రకూ మనిషికీ తేడా చెరిగిపోవడం మాత్రం ఏ కాలంలోనూ తగ్గలేదు. కార్తీకదీపంలో మోనితగా కసి పుట్టించిన శోభా శెట్టి బిగ్‌బాస్ ఏడో సీజన్‌కు వచ్చినప్పుడు మోనిత కూడా ఆమె వెంట ఆ ఇంట్లోకి వచ్చేసింది. దుష్టపాత్ర బాగా వేసిన నాటకపు నటుణ్ని ఊరు తిట్టుకున్నా ఆ తిట్టు తెల్లారేసరికి ఆరిపోయేది. ఇప్పుడది రాతపూర్వకంగా ఆమె ఫోన్‌లోకే చేరుతుంది.

2020 మార్చిలో లాక్‌డౌన్ పడి షూటింగులు ఆగాయి. మార్చి 28 నుంచి దూరదర్శన్ మళ్లీ రామాయణం వేసింది. ఏప్రిల్ 16న ఒక్క భాగాన్ని 7.7 కోట్లమంది చూశారని ప్రకటించుకుంది. ఆ అంకె మీద వాదాలు జరిగాయి. నిజమెంతైనా, 1987లో గడప బయట కూర్చున్న పిల్లవాడు ఇప్పుడు తన ఇంట్లో, తన మంచం మీద కూర్చుని చూశాడు. అది నాకు ముఖ్యం. అదే నెలల్లో కరోనాను బ్రహ్మంగారు ముందే చెప్పారంటూ ఒక పద్యం వాట్సాప్‌లో ఊరూరా తిరిగింది. కాలజ్ఞానం తాటాకు నుంచి నాటకానికి, పైసల పుస్తకానికి, సినిమాకు, ఫోనుకు ప్రయాణం చేసింది. ప్రతి చోటా అది నమ్మినవాళ్లు దానికి తమవంతు కొంత కలిపారు.

కడప జిల్లా మాట చెబుతూ కువైట్ మాట చెప్పకుండా ఉండలేను. ఇళ్లలో పనికని మా వైపు నుంచి అక్కడికి పోయిన ఆడవాళ్ల సంఖ్య తక్కువ కాదు. మనకు రాత్రి ఏడున్నర అయితే అక్కడ సాయంత్రం ఐదు, ఇంకా పని ముగియని వేళ. అందరూ పడుకున్నాక, చిన్న గదిలో, ఫోన్‌లో ఆమె సీరియల్ చూస్తుంది. మర్నాడు ఇంటికి వీడియో కాల్ చేసి అమ్మతో ముందు డబ్బుల సంగతి, పిల్లల చదువు, ఆ తర్వాత సీరియల్ సంగతి మాట్లాడుతుంది. ఇద్దరూ ఒకే కథను చూస్తున్నారన్నదే ఆ తల్లీకూతుళ్ల మధ్య రోజూ మాట్లాడుకోవడానికి మిగిలిన ఉమ్మడి విషయం. వేల మైళ్ల అవతల ఒంటరితనానికి సీరియల్ ఎంత ఆసరానో ఎగతాళి చేసేవాళ్లకు తెలియదు. అభిమానుల పేజీల్లో కువైట్ నుంచి వచ్చే మాటల్లో సీరియల్ మీద ప్రేమకంటే ఇంటి మీద బెంగ ఎక్కువ కనిపిస్తుంది నాకు.

ఆమె ఇప్పుడు మళ్లీ లెక్కలో లేదు. బార్క్ కొలిచేది నమూనా ఇళ్లలోని టీవీ పెట్టెలను. ఫోన్‌లో హాట్‌స్టార్ పెట్టి చూసే ఆమె అందులోకి రాదు. 2025 ఫిబ్రవరిలో రెండు పెద్ద వేదికలు కలిసి జియోహాట్‌స్టార్ అయ్యాక తెలుగు సీరియళ్లు ఫోన్‌లో చూసేవాళ్ల అసలు అంకెలు చాలావరకు ఒక్క సంస్థ దగ్గరే ఉన్నాయి. ఎవరు, ఏ ఊరి నుంచి, ఏ నిమిషం దగ్గర ఆపేశారో ఆ సంస్థకు తెలుసు. ప్రేక్షకులకు తెలియదు, రచయితలకు తెలియదు. ఇష్టపడ్డ సీరియల్ ఉన్నట్టుండి ఆగిపోతే ఎందుకు ఆపారని అడిగేందుకు అభిమానుల చేతిలో ఆధారం లేదు. టీవీ రేటింగులు వారంవారం బయటికొస్తున్నట్టే భాషవారీగా, జిల్లావారీగా ఫోన్ అంకెలు కూడా బయటికి రావాలి. దూరదర్శన్ తన దగ్గరున్న పాత తెలుగు సీరియళ్లను, ఋతురాగాలతో సహా, వరసగా, పూర్తిగా, పేర్లూ తేదీలతో అందరికీ అందేలా పెట్టాలి. పాత భాగాల కోసం ఇంటర్నెట్‌లో వెతుకుతున్నవాళ్లలో ఆ కాలపు ప్రేక్షకురాళ్లు చాలామంది ఇప్పుడు 60 దాటినవాళ్లు. వాళ్లు బతికుండగానే ఆ పని జరగాలి.